షుగరు ఉన్న ఇంట్లో ఉప్పు లెక్క

షుగరు జబ్బు ఉందని డాక్టరు చెప్పగానే మనం ఏం చేస్తాం? కాఫీలో పంచదార మానేస్తాం. పండగనాడు బూరెలు వండి పిల్లలకు పెట్టి, మనం తినకుండా లేస్తాం. మామిడి పండు వంక చూసి నిట్టూరుస్తాం. మంచిదే. కానీ తీపి మానేసిన నోరు ఊరుకోదు కదా! అన్నంలోకి ఇంకో ఆవకాయ బద్ద కావాలంటుంది. ఎండు రొయ్యల వేపుడు కావాలంటుంది. "ఇది తీపి కాదుగా, ఏం కాదులే" అని వేసుకుంటాం.

చిక్కంతా ఇక్కడే ఉంది. షుగరు జబ్బులో పంచదార ఒక్కటే లెక్క కాదు. ఉప్పు కూడా లెక్కే. ఉప్పుతో పాటు ఇంకొన్ని ఖనిజాలూ లెక్కే.

ఖనిజాలు అంటే ఏమిటి? మట్టిలో, నీటిలో, రాళ్ళలో ఉండేవి. అవే మొక్కల్లోకి, చేపల్లోకి, పాలల్లోకి వస్తాయి. అక్కడినుంచి మన ఒంట్లోకి వస్తాయి. ఉప్పులో ఉండేది సోడియం. కొబ్బరి నీళ్ళలో, అరటిపండులో ఎక్కువగా ఉండేది పొటాషియం. పాలలో, రాగుల్లో ఉండేది కాల్షియం. ఆకుకూరల్లో, మాంసంలో ఉండేది ఇనుము. తవుడులో, పప్పుల్లో ఉండేది మెగ్నీషియం. ఇవి లేకపోతే గుండె కొట్టుకోదు. కండ కదలదు. కానీ ఎక్కువైతే కూడా ప్రమాదమే. ఎంత ఉండాలో అంతే ఉండాలి.

మరి ఎంత ఉండాలో చూసేదెవరు? మన కిడ్నీలు. వాటినే మూత్రపిండాలు అంటారు. నడుముకు పైన, వెన్నెముకకు ఇటొకటి అటొకటి ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత ఉంటుంది.

కిడ్నీ చేసే పని మనవైపు వాళ్ళకు చెప్పడం తేలిక. కొల్లేరును చూడండి. కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు మధ్య పళ్ళెంలా ఉంటుంది. బుడమేరు వచ్చి అందులో కలుస్తుంది. తమ్మిలేరు వచ్చి కలుస్తుంది. కాలవల నీళ్ళూ, డ్రెయిన్ల నీళ్ళూ అందులోకే. ఎక్కువైన నీటిని ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. ఎండాకాలంలో నీరు తగ్గితే ఉప్పుటేరు వెంబడి ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. దారి సరిగా ఉంటే సరస్సు తన మట్టం తాను చూసుకుంటుంది. దారి పూడిపోతే? లంక గ్రామాలు మునుగుతాయి. చేపల చెరువుల గట్లు అడ్డం వచ్చి నీరు పోకపోతే ఏమవుతుందో కొల్లేరు వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 2006లో ప్రభుత్వం చాలా చెరువుల గట్లు తెగ్గొట్టించింది కూడా.

కిడ్నీ కూడా అంతే. మనం తిన్న ఉప్పు, తాగిన నీరు రక్తంలోకి వస్తాయి. కిడ్నీ రక్తాన్ని వడకడుతుంది. కావలసింది ఉంచుకుంటుంది. ఎక్కువైంది మూత్రంలో పంపిస్తుంది. షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ వడపోత జల్లెడ పాడవుతుంది. దానికి బి.పి. తోడైతే ఇంకా తొందరగా పాడవుతుంది. ఉప్పు ఎక్కువ తింటే బి.పి. పెరుగుతుంది. చూశారా, ఆవకాయ బద్ద ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో!

ఇది పట్నం వాళ్ళ జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటిన నాలుగున్నర వేల మందికి షుగరు పరీక్ష చేశారు. ఆ వివరాలు 2006లో అచ్చయ్యాయి. ప్రతి 100 మందిలో 13 మందికి షుగరు ఉంది. వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. అదే రోజుల్లో ఈ జిల్లాల్లోనే 45 గ్రామాల్లో ఎవరు ఎందుకు చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి అడిగారు. 100 చావుల్లో 32 గుండెజబ్బు, పక్షవాతం లాంటి వాటివల్లే. పొలాల మధ్య, కాలవ గట్ల మీద ఉండే ఊళ్ళ లెక్క ఇది.

ఉప్పు ఎంత తినాలి?

మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇదే చెప్పింది. 5 గ్రాములంటే ఒక చిన్న టీ చెంచా. అది కూరలో వేసేది మాత్రమే కాదు. పప్పులో, పులుసులో, పచ్చడిలో, మజ్జిగలో, అప్పడంలో, ఉప్పు చేపలో ఉన్నదంతా కలిపి ఒక చెంచా.

మనం ఎంత తింటున్నాం? పదేళ్ళ కిందట ఆంధ్రప్రదేశ్‌లో కొందరి మూత్రం పరీక్ష చేసి లెక్క కట్టారు. మనిషికి రోజుకు 9 గ్రాములు దాటింది. అంటే ఇంచుమించు రెండింతలు.

"నేనంత వెయ్యనండీ" అని ప్రతి ఇల్లాలూ అంటుంది. వాదన ఎందుకు? లెక్క వేసి చూద్దాం. మీ ఇంట్లో అయిదుగురు ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు 5 గ్రాములు. అయిదుగురికి 25 గ్రాములు. 30 రోజులకు 750 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు కనీసం 40 రోజులు రావాలి. ఈసారి ప్యాకెట్టు విప్పగానే దాని మీద తారీఖు రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ తారీఖు రాయండి. మధ్యలో ఎన్ని రోజులు? పాతిక రోజులకే అయిపోతే ఇంట్లో అందరూ ఎక్కువ తింటున్నట్టే. ఎండాకాలంలో ఊరగాయలకు వేసే ఉప్పు ఈ లెక్కలో లేదు. అది వేరే. ఆవకాయలో కారం ఎంతో ఉప్పూ ఇంచుమించు అంత పడుతుందని మీకు నేను చెప్పాలా?

మరి ఊరగాయ లేకుండా ముద్ద దిగుతుందా? గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళను ఊరగాయ మానెయ్యమని చెప్పడం తేలిక, మానడం కష్టం. నా మాట అడిగితే పూర్తిగా మానెయ్యమనను. రోజూ మూడు పూటలూ వేసుకునేదాన్ని ఒక పూటకు, ఒక చిన్న ముక్కకు తెచ్చుకోండి. ఆ పూట కూరలో ఉప్పు తగ్గించండి. మజ్జిగలో, అన్నంలో ఉప్పు కలపడం మానండి. వంటలో ఒక్కసారే సగానికి తగ్గిస్తే ఇంట్లో గొడవ అవుతుంది. వారానికి కొంచెం కొంచెం తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది. నిమ్మకాయ, చింతపండు, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర, ఉల్లిపాయ రుచిని నిలబెడతాయి. ఉల్లికి మనకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం మార్కెట్టుకు లారీల్లో వస్తుంది.

కొల్లేరు చేప మంచి ఆహారమే. శీలావతి, బొచ్చె, కొర్రమీను ఏదైనా సరే. పులుసు పెట్టుకు తినండి. అదే చేపకు ఉప్పు పట్టించి ఎండబెడితే లెక్క మారిపోతుంది. ఉప్పు చేప వండే ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు రెండు మూడు సార్లు పారబోయండి. కొంత ఉప్పు పోతుంది. కూరలో మళ్ళీ ఉప్పు వెయ్యొద్దు. బి.పి. బాగా ఎక్కువ ఉన్నవాళ్ళు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు మాత్రం ఉప్పు చేప జోలికి పోకపోవడమే మంచిది.

కల్లుప్పు మంచిదా, మెత్తటి ఉప్పు మంచిదా, సైంధవ లవణం మంచిదా అని అడుగుతుంటారు. సోడియం అన్నిట్లోనూ ఉంది. గులాబి రంగు ఉప్పు ఎక్కువ డబ్బు పెట్టి కొంటే రక్తపోటు తగ్గదు. అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి. తక్కువ వాడండి. అంతే.

ఉప్పు పూర్తిగా మానేస్తే?

కొందరు దీనికి ఎదురు దారి పడతారు. "షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి, ఇంక చప్పిడి కూడే" అని ముసలావిడకు ఒక్క ఉప్పు గల్లు లేకుండా పెడతారు. ఆవిడకు కాళ్ళ వాపుకని మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా ఇచ్చి ఉంటారు. ఎండాకాలం చెమట ఉండనే ఉంటుంది. పది పదిహేను రోజులకు ఆవిడ నీరసపడుతుంది. మాట తడబడుతుంది. కొడుకును పోల్చుకోదు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు. లేదా షుగరు డౌనైందని పంచదార నోట్లో పోస్తారు. రక్తంలో సోడియం పడిపోతే మనిషి ఇలాగే అవుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు.

మాట తడబడినప్పుడు షుగరు మిషను ఇంట్లో ఉంటే ముందు చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే, మింగగలిగితే, పంచదార నీళ్ళు ఇవ్వండి. షుగరు బాగానే ఉండి కూడా మనిషి మతి తప్పి మాట్లాడుతుంటే, ఒకవైపు చెయ్యో మూతో పడిపోతే, ఇంట్లో ఉంచొద్దు. 108కి ఫోను చెయ్యండి.

ఉప్పు తగ్గించడం వేరు, తీసెయ్యడం వేరు.

కొబ్బరి నీళ్ళు ఎవరికి మందు, ఎవరికి విషం?

ఇది జాగ్రత్తగా చదవండి. ఒకసారి చదివి అర్థం కాకపోతే ఇంకోసారి చదవండి. ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి ఇదే.

పొటాషియం మంచి ఖనిజం. ఉప్పులోని సోడియం బి.పి. పెంచితే పొటాషియం తగ్గించడానికి సాయపడుతుంది. కొబ్బరి నీళ్ళు, అరటిపండు, తోటకూర, పాలకూర, టమాటా, చిలగడదుంప, పప్పులు, వీటిలో బాగా ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్ళు ఆకుకూరలు, పప్పులు దండిగా తినొచ్చు. తినాలి కూడా. కొబ్బరి నీళ్ళలో, అరటిపండులో తీపి ఉంటుంది కాబట్టి ఆ లెక్క చూసుకుంటే చాలు.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ సంగతి అలా కాదు. ఎక్కువైన పొటాషియం వాళ్ళకు మూత్రంలో బయటికి పోదు. రక్తంలో పేరుకుంటుంది. నొప్పి ఉండదు. వాపు ఉండదు. కొందరికి కాళ్ళు చేతులు బలహీనంగా ఉన్నట్టు ఉంటుంది. కొందరికి ఏమీ తెలియదు. బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఒక్కసారిగా ఆగిపోవచ్చు కూడా.

"ఎండగా ఉంది, రెండు బొండాలు తాగించండి" అని చుట్టాలు ప్రేమగా తెచ్చిస్తారు. వద్దంటే బాధపడతారు. డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి ఆ రెండు బొండాలు ప్రమాదం. మన ఇళ్ళ చుట్టూ కొబ్బరి చెట్లే కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి.

ఇంకో వస్తువు ఉంది. బజార్లో "సోడియం తక్కువ ఉప్పు" అని ఒక రకం అమ్ముతున్నారు. మామూలు ఉప్పుకన్నా ధర ఎక్కువ. అందులో సోడియం కొంత తీసేసి దాని బదులు పొటాషియం కలుపుతారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పు వాడటం మంచిదని చెప్పింది. ఆ మాట నిజమే. కానీ అదే కాగితంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ సలహా వర్తించదని కూడా ఉంది. గర్భిణులకు, పిల్లలకు కూడా వర్తించదు. షుగరు ఉన్నవాళ్ళలో చాలామందికి కిడ్నీ ఎలా ఉందో తెలియదు కదా? అందుకే పరీక్ష చేయించుకోకుండా ఆ ఉప్పు కొనవద్దు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటే మిగతావాళ్ళ కోసం కూడా కొనవద్దు. ఒకే గిన్నెలో వండుతాం, ఒకే ఉప్పు డబ్బా ఉంటుంది.

బి.పి. మాత్రల్లో కూడా తేడాలున్నాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే మాత్రలు కిడ్నీని కాపాడతాయి. షుగరు ఉన్నవాళ్ళకు తరచుగా ఇవే రాస్తారు. ఇవి పొటాషియంను కొంత పెంచుతాయి. కాళ్ళ వాపుకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ మాత్ర తగ్గిస్తుంది. ఇది చదివి మాత్ర ఆపెయ్యకండి! ఆపితే ఇంకా నష్టం. మీరు వేసుకునే మాత్ర ఏ రకమో అడిగి తెలుసుకోండి. పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అడగండి.

తవుడు ఎవరు తింటున్నారు?

పిక్కలు పట్టేస్తున్నాయని షుగరు ఉన్న ఆడవాళ్ళు చాలామంది అంటారు. రాత్రి నిద్రలో కాలు కొయ్యబారి లేచి కూర్చుంటారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒక కారణం ఇది. రక్తంలో షుగరు 180 దాటితే మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. షుగరు ఒక్కటే పోదు, నీటిని వెంట లాక్కుపోతుంది. ఆ నీటితో సోడియం, పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఎక్కువసార్లు మూత్రానికి లేచే రోజుల్లోనే నీరసం, పిక్కల నొప్పి ఎక్కువవడం మీరు గమనించే ఉంటారు. షుగరు అదుపులోకి వస్తే ఈ నష్టం ఆగుతుంది. ముందు చెయ్యాల్సింది అది.

మెగ్నీషియం ఎక్కడ దొరుకుతుంది? వడ్లగింజ పైపొరలో దొరుకుతుంది. పూర్వం రోట్లో దంచిన బియ్యానికి ఆ పొర కొంత ఉండేది. ఇప్పుడు తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో పాలిష్ పట్టి మల్లెపూవులాంటి బియ్యం ఇస్తున్నారు. మెగ్నీషియంలో ఎక్కువ భాగం తవుడుతో పోయింది. ఆ తవుడు ఎక్కడికి పోతుంది? నూనె తీసి, మిగిలిన తవుడు చేపల చెరువులకు మేతగా వేస్తారు. మనం తీసేసిన సత్తువ శీలావతి తింటోంది!

అందుకని దంపుడు బియ్యం వాడితే మంచిదే. కానీ దంపుడు బియ్యమైనా అన్నం అన్నమే. కడుపునిండా తింటే షుగరు పెరుగుతుంది. పళ్ళెంలో సగం కూరలు, పావు వంతు పప్పు గానీ చేప గానీ, పావు వంతు అన్నం. ఇలా పెట్టుకుంటే షుగరు లెక్కా, ఖనిజాల లెక్కా రెండూ కుదురుతాయి. గుప్పెడు వేరుశెనగలు, పెసలు, శెనగలు, మునగాకు మెగ్నీషియం ఇస్తాయి. మెగ్నీషియం మాత్రలు, క్రోమియం మాత్రలు, జింకు మాత్రలు వాడితే షుగరు తగ్గిపోతుందని చెప్పి అమ్మేవాళ్ళున్నారు. ఒంట్లో తక్కువని పరీక్షలో తేలినప్పుడు డాక్టరు రాస్తే వాడాలి. లేకపోతే ఆ డబ్బుతో ఆకుకూరలు కొనుక్కోండి.

మరి "మినరల్ వాటర్"? కొల్లేరు చుట్టుపక్కల చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. అందుకని డబ్బా నీళ్ళు కొంటున్నాం. మినరల్ అంటే ఖనిజం. పేరులో ఖనిజం ఉంది గానీ ఆ మిషను చేసేది ఖనిజాలను తీసెయ్యడమే. ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. భయపడక్కర్లేదు. ఖనిజాలు మనకు ఎక్కువగా తిండిలోనుంచే రావాలి. కానీ ఆ నీళ్ళు తాగితే బలం వస్తుందనుకోవద్దు.

ఇనుము సంగతి ఆడవాళ్ళందరికీ తెలిసిందే. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ. షుగరు ఉన్నవాళ్ళకు దీనివల్ల ఇంకో చిక్కు ఉంది. మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటుంది. దాన్ని హెచ్.బి.ఎ.వన్.సి. అంటారు. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవాళ్ళకు ఆ పరీక్షలో అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. "నోరు కట్టుకున్నా అంకె తగ్గట్లేదు" అని ఏడ్చే అక్కలు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. గంట ఆగి తాగండి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకోవద్దు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. కాల్షియం కోసం పాలు, మజ్జిగ, రాగి జావ, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు ఉన్నాయి. రాగి జావ పలచగా తాగితే షుగరు తొందరగా పెరుగుతుంది. రాగి సంకటి, రాగి రొట్టె నయం.

ఒంటికి అక్కర్లేని లోహాలు కూడా ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఒక్కసారిగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ ఆసుపత్రి పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందులని మరికొందరు నిపుణులు అనుమానించారు. ఆ సంగతి అలా ఉంచండి. షుగరుకు పేరూ చీటీ లేని పొడులు, భస్మాలు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నప్పుడు సీసం ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి పొడుల్లో సీసం ఉన్నట్టు డాక్టర్లు చాలాసార్లు కనుక్కున్నారు. సీసం కిడ్నీని కూడా పాడుచేస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే

వానాకాలం, వరదల కాలం కొల్లేటి ఊళ్ళలో విరేచనాలు మామూలే. షుగరు ఉన్న మనిషికి విరేచనాలైతే ఇంట్లో ఒక అనుమానం వస్తుంది. "ఓ.ఆర్.ఎస్. పొడిలో చక్కెర ఉందట. ఇవ్వొచ్చా?" ఇవ్వొచ్చు. ఇవ్వాలి. పోయిన నీటితో సోడియం, పొటాషియం పోయాయి. పేగు ఉప్పును పీల్చుకోవాలంటే కొంచెం చక్కెర కావాలి. అందుకే కలిపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. పొటాషియం కూడా ఉంటుంది. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, దాని మీద రాసినంత నీటిలో కలపండి. సగం పొడి, అంచనా నీళ్ళు పనికిరావు. కొంచెం కొంచెంగా తాగించండి. షుగరు చూస్తూ ఉండండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు సొంతంగా మానెయ్యకూడదు. మెట్‌ఫార్మిన్, బి.పి. మాత్రల సంగతి ఆ రోజే డాక్టరును గానీ ఏ.ఎన్.ఎం.ను గానీ అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను ఇంట్లో పెట్టుకుని వైద్యం చెయ్యొద్దు.

ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు చాలదు. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు పెట్టకూడదని ఆదేశం ఇచ్చింది. మందుల షాపులో అడిగేటప్పుడు నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్టు అడగండి.

చీటీ మీద అంకెలు

ఒంట్లో ఖనిజం ఎంత ఉందో ఒక్క రక్తపు చుక్కతో కొలవొచ్చని ఇప్పుడు మనకు వింతగా అనిపించదు. వందేళ్ళ కిందట అది పెద్ద పని. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, ఫిస్కే అనే పెద్దాయనతో కలిసి 1925లో ఒక పద్ధతి కనిపెట్టారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో దాంతో కొలుస్తారు. భాస్వరం కూడా ఒక ఖనిజమే. కిడ్నీ పాడైనవాళ్ళకు అది కూడా పేరుకుంటుంది. ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ పెట్టారు.

షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారైనా రెండు పరీక్షలు చేయించుకోవాలి. ఒకటి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. అల్బుమిన్ అంటే ఒక మాంసకృత్తి. జల్లెడ చిల్లుపడితే అది మూత్రంలోకి జారుతుంది. 30 లోపు ఉంటే మంచిది. అంతకు మించితే కిడ్నీకి దెబ్బ మొదలైందేమో అని డాక్టరు మళ్ళీ పరీక్ష చేయిస్తారు. ఈ దశలో మీకు నొప్పి గానీ వాపు గానీ ఉండదు. కిడ్నీని నిలబెట్టుకోగలిగే దశ ఇదే. రెండోది రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. దాన్నిబట్టి కిడ్నీ ఎంత వడకడుతోందో అంకె కడతారు. ఆ అంకె 60 కన్నా తక్కువగా మూడు నెలలు ఉంటే కిడ్నీ జబ్బు అంటారు. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళకు, కిడ్నీ తగ్గినవాళ్ళకు సోడియం, పొటాషియం కూడా చూస్తారు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ల్యాబును బట్టి కొంచెం తేడా ఉంటుంది. అది చీటీలో పక్కనే వేస్తారు.

చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. పేర్లు చదవలేకపోతే సిగ్గుపడొద్దు. "ఇది సోడియమా? ఇది పొటాషియమా? పక్కన తెలుగులో రాసివ్వండి" అని ల్యాబులో అడగండి. అంకెలు మీకు వచ్చు కదా. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఒక పేజీలో అడ్డంగా గీతలు కొట్టి తారీఖు, బి.పి., షుగరు, అల్బుమిన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం అని వరసగా రాయండి. కిందటేడు చీటీలు దొరికితే వాటి అంకెలు ముందు ఎక్కించండి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పుస్తకం సంచిలో వేసుకోండి. డాక్టరు మారినా, చీటీ వానలో తడిసినా, ఆ పేజీ మీ దగ్గర ఉంటుంది.